సగం బరువు

చదువు పూర్తయ్యాక బాబాయి నన్ను ఆఫీసు కుర్చీలో కూర్చోబెడతాడనుకున్నాను. చేతికి గ్రీజు డబ్బా ఇచ్చి మెషిన్ రూముల చుట్టూ తిప్పాడు. మా బాబాయిది లిఫ్టులు బిగించి, బాగుచేసే కంపెనీ. ఏదడిగినా “నువ్వేమంటావు?” అని తిరిగి నన్నే అడిగేవాడు. తప్పు చెబితే తిట్టడు, ఒప్పు చెబితే మెచ్చుకోడు. నాకు ఒళ్ళు మండిపోయేది. అలా నన్ను నానబెట్టి, రుబ్బి, చివరికి ఆ నెలాఖరున కంపెనీ నా చేతికి అప్పగిస్తానన్నాడు.

ఇంతలో ఈ బట్టల షాపు పని వచ్చిపడింది. దాని యజమాని బాబాయికి తొలి పని ఇచ్చిన మనిషి. ఎవరూ నమ్మని రోజుల్లో పిలిచి మరీ ఇచ్చాడట. ఇప్పుడు నాలుగంతస్తుల కొత్త షాపు కట్టాడు. ఆ పొద్దునే ప్రారంభం. గాజు తలుపుల బయట జనం అప్పటికే ఒకరినొకరు తోసుకుంటున్నారు.

మా పొడుగు మెకానిక్ నన్ను పక్కకి పిలిచాడు.

“మేడం, ఇందాక లిఫ్టులో బట్టల మూటలు నిండుగా వేసి దింపాం. ఆగాల్సిన చోట ఆగలేదు. కిందికి జారింది.”

మేడ మీద, లిఫ్టు మోటారుండే మెషిన్ రూముకి ఎక్కి చూశాను. బ్రేకుకి పట్టునిచ్చే లైనింగు పట్టీ అరిగిపోయింది. వద్దని మొత్తుకున్నా వినకుండా షాపువాళ్ళు సిమెంటూ టైల్సూ అన్నీ ఇదే లిఫ్టులో మోయించారు, అరగక ఏం చేస్తుంది? కొత్త లైనింగు మర్నాటికి గానీ రాదు.

కిందికొచ్చి, బ్రేకు అరిగిందని, ఇవాళ లిఫ్టు నడపకూడదని బాబాయికీ యజమానికీ చెప్పాను. యజమాని నా మొహం కూడా చూడలేదు.

“మంచి సరుకంతా పైనే పెట్టానయ్యా,” అన్నాడు బాబాయితో. “మెట్లెక్కి ఎవరొస్తారు? ఇంతమందిలో నా పరువు తీయకు.”

నా అభిప్రాయం అడుగుతాడని బాబాయి వైపు చూశాను. అడగలేదు.

“ముందు నేనెక్కుతా,” అన్నాడు.

అది మా కంపెనీ పద్ధతి. జనానికి తెరిచే ముందు లిఫ్టులో మొదట ఎక్కేది మా యజమానే. ఆ లిఫ్టు పదిమంది పట్టేది. బాబాయి తన పక్కన షాపు యజమానిని, ముగ్గురు సేల్స్ వాళ్ళని నిలబెట్టుకున్నాడు. లిఫ్టు పైకెళ్ళింది, కిందికొచ్చింది, ప్రతి అంతస్తులోనూ గీత గీసినట్టు ఆగింది.

“చూశావా, ఎంత బాగా ఆగిందో,” అన్నాడు యజమాని. బాబాయి మాత్రం తల తిప్పుకున్నాడు.

లిఫ్టు తాడుకి ఒక కొసన మనుషులెక్కే పెట్టె, రెండో కొసన ఇనుప దిమ్మలు. పెట్టె సగం నిండితే రెండు వైపులా సరితూగుతాయి, బ్రేకుకి పెద్దగా పనే ఉండదు. ఎంత అరిగిన బ్రేకైనా అప్పుడు బుద్ధిగా ఆగుతుంది. సగం బరువుతో చూస్తే లిఫ్టు నీతో అబద్ధమాడుతుందని నాకు నేర్పిందే బాబాయి. తెలిసే ఐదుగురితో ఎక్కాడు. అంత బాధ నాకు అంతకుముందెప్పుడూ కలగలేదు.

“తలుపులు తీయమంటారా సార్?” సెక్యూరిటీ అతను గాజు తలుపుల గొళ్ళెం మీద చెయ్యి వేశాడు.

“ఆగండి,” అన్నాను. “నిండు బరువుతో చూడాలి బాబాయ్.”

“చూశాం కదమ్మా.”

“సగంతో చూశాం.”

“తాతకు దగ్గులు నేర్పుతున్నావా అమ్మాయ్?” అన్నాడు యజమాని.

బాబాయి గొంతు తగ్గించాడు. “ఈ ఒక్క రోజుకి వదిలెయ్. తక్కువమందిని ఎక్కిద్దాం. నేనే దగ్గరుండి చూసుకుంటా.”

“ఆ తోపులాటలో ఎవర్ని ఆపుతావు?”

“కంపెనీకి ఇంకా యజమానిని నేనే.”

మెకానిక్ తల దించుకున్నాడు. ఇంకో మాట వింటే మెత్తబడిపోతానని తెలుసు. మెట్ల మీద పరుగెత్తి మెషిన్ రూముకి వెళ్ళి, మెయిన్ స్విచ్చి ఆపి తాళం వేసి దిగొచ్చాను.

“నిండు బరువుతో చూస్తానంటే తాళం తీస్తాను. లేదంటే నన్ను ఇప్పుడే పంపించెయ్.”

బాబాయి నన్ను చూసిన చూపు పరాయివాళ్ళని చూసినట్టుంది. బయట జనం గాజు తలుపు మీద కొడుతున్నారు. అతని భుజాలు జారాయి.

“మూటలెక్కించండి,” అన్నాడు.

పదిమంది బరువుకి మూటలు నింపి పైకి పంపి, లోపల ఒక్క మనిషి కూడా లేకుండా కిందికి దింపాం. మొదటి అంతస్తులో ఆగాల్సిన లిఫ్టు గడప దాటి మోకాలి లోతు జారి ఆగింది. ఆ గడప మీద ఒక కాలు పెట్టిన మనిషి గతేమిటో ఎవరూ పైకి అనలేదు.

“మెట్ల వైపు పంపండి జనాన్ని,” అన్నాడు యజమాని. బాబాయి వైపు తిరిగి, “రేపట్నుంచి నేను వేరేవాళ్ళని చూసుకుంటా,” అని వెళ్ళిపోయాడు.

వ్యాను దగ్గరికొచ్చాం. బాబాయి మొహం చూడలేకపోయాను. పనిముట్ల పెట్టె మోసుకొస్తున్న మెకానిక్‌తో నవ్వు తెచ్చుకుని అన్నాను, “సార్ నాకు పరీక్ష పెట్టారులే. ఆపుతానో లేదో చూద్దామని.”

“నేనూ అదే అనుకున్నా మేడం.” అతని ప్రాణం కుదుటపడింది.

“కాదు,” అన్నాడు బాబాయి. “పరీక్షా లేదు, పాడూ లేదు. మొహమాటపడి తలుపులు తీయించబోయాను. అమ్మాయి ఆపింది.”

నాకు ఏడుపొచ్చింది. “ఆ ఒక్క మాట ఒప్పుకుంటే నీ సొమ్మేం పోయేది బాబాయ్?”

“నాది పరీక్షంటే, రేపు నువ్వు తప్పు చేసినా పరీక్షే అనుకుంటారు. ఒక్కడూ నోరు తెరవడు.”

వ్యాను ఎక్కి కూర్చున్నాడు. మెకానిక్ పెట్టె లోపల పెట్టి, వెళ్ళకుండా అక్కడే నిలబడ్డాడు.

“ఏంటి?” అన్నాను.

“మెయిన్ స్విచ్చి ఆపేముందు లిఫ్టులో ఎవరైనా ఉన్నారేమో మీరు చూడలేదు మేడం. ఖాళీగానే ఉంది. నేను చూశా. కానీ మీరు చూడలేదు.”

ఇంత జరిగాక వీడొకడా అని నోటిదాకా వచ్చింది. బాబాయి వ్యానులోంచి ఎదురుగా రోడ్డునే చూస్తున్నాడు.

“చూడలేదు,” అన్నాను. “తప్పే.”