మండలిలో విద్యార్థి కుర్చీ

వృక్షశాస్త్రం మేడమ్‌కి పొద్దుటి నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. మధ్యాహ్నం విశ్వవిద్యాలయ పాలకమండలి సమావేశం. మండలిలో విద్యార్థులకున్న ఒక్క కుర్చీనీ తీసేయాలని వైస్ ఛాన్సలర్ తీర్మానం పెడుతున్నారు. ఆయన ఒకప్పుడు తనచేత పరిశోధన చేయించిన గురువు. తనేమో అధ్యాపకుల ఓట్లతో గెలిచిన సభ్యురాలు.

ఆ కుర్చీలో కూర్చునే కుర్రాణ్ని అందరూ తుమ్మజిగురు అంటారు. ప్రశ్న పట్టుకుంటే వదలడు. అతనంటే మేడమ్‌కీ తలనొప్పే.

పాఠం సగంలో ఆపేసి, వేరే దేశంలో పాఠాలు చెప్పే అక్కకి ఫోన్ చేసింది.

"అక్కా, మీ దగ్గర పిల్లలకి ఓటుందా?"

"లేకపోవడమేం? మా విశ్వవిద్యాలయం పెద్దని ఎన్నుకునేది మేమూ వాళ్లూ కలిసే. పోయినేడు ఆయన గది ముందు బైఠాయించి నానా యాగీ చేశారు."

"అమ్మో! మా వైస్ ఛాన్సలర్‌ని ప్రభుత్వమే వేస్తుంది. అదే నయం."

"ఏం నయమే? మీ బావ ఇదివరకు పనిచేసిన దేశంలో పెత్తనమంతా బయటి పెద్దమనుషుల బోర్డుదే. రాత్రికి రాత్రి సంగీత విభాగం ఎత్తేస్తే అడిగే నాథుడే లేడు."

"మరి నన్నేం చేయమంటావు?"

"ఎత్తే చేయి నీది. నన్నడుగుతావేం?"

సమావేశంలో ఆ అంశం రాగానే కుర్రాణ్ని బయటికి వెళ్లమన్నారు. అద్దాల తలుపు అవతల బెంచీ మీద అతని మోకాలు ఆగకుండా ఊగుతోంది. మేడమ్ లేచి నిలబడింది.

"అతన్ని బయట కూర్చోబెట్టి అతని సంగతి తేల్చడమేమిటి సార్?"

"నీ నోట ఈ మాట వస్తుందనుకోలేదమ్మా," అన్నారు వైస్ ఛాన్సలర్.

తీర్మానానికి ఒప్పుకునేవాళ్లని చేతులెత్తమన్నారు. ఆమె ఎత్తలేదు. ఒక్క చేయి తక్కువై తీర్మానం వీగిపోయింది. ఆయన ఆమె వైపు చూడకుండానే లేచి వెళ్లిపోయారు.

ఆ తర్వాత వరండాలో ఎదురుపడ్డా పలకరింపు లేదు. తప్పు చేశానా అని ఆమెకి అన్నం సహించేది కాదు. ఇంట్లో కూర్చోలేకపోయేది, ల్యాబ్‌లో నిలవలేకపోయేది.

తర్వాతి సమావేశంలో తుమ్మజిగురు లేచాడు. కృతజ్ఞతలు చెబుతాడేమోనని ఆమె కాస్త సర్దుకుని కూర్చుంది.

"మేడమ్ గారి ల్యాబ్ భోజనం వేళకే మూసేస్తున్నారు. మా ప్రయోగాలు సగంలో ఆగిపోతున్నాయి."

ఆమె ముఖం జేవురించింది. వైస్ ఛాన్సలర్ చాలాకాలానికి ఆమెని చూసి నవ్వారు.

"జవాబు చెప్పమ్మా."

"నిజమే సార్," అందామె. "రేపటి నుంచి సాయంత్రం దాకా తీసి ఉంచుతాను."