పదకొండో మంచం కథ ఎవరిది?

'వణుకు' అనే ఆన్‌లైన్ రచయితల సంఘంలో పద్నాలుగు వేలమంది సభ్యులున్నారు. అందరూ దయ్యాల కథలు రాసేవాళ్ళే, చదివేవాళ్ళే. ఎంత గుండె ధైర్యం గలవాళ్ళంటే, రాత్రిపూట చదివితే బాత్రూముకు వెళ్ళడానికి తోడు కావాల్సి వస్తోందని మధ్యాహ్నం లంచ్ టైములో చదవడం మొదలుపెట్టారు. అందుకని కథలు కూడా సరిగ్గా పన్నెండున్నరకే పెట్టాలని నిబంధన పెట్టుకున్నారు. పాపం, దయ్యాలక్కూడా ఆఫీసు వేళలు తప్పలేదు.

ఈ సంఘంలో అందరికంటే పెద్ద పేరు 'కపాలం'ది. కపాలం కథ పడిందంటే గంటలో మూడు వేల లైకులు. "గురువుగారూ, ఇవాళ ముద్ద దిగలేదు" అని ఒకరు, "లిఫ్టు ఎక్కడం మానేశాను" అని ఇంకొకరు. ఇంతకీ ఈ కపాలం నలభై రెండేళ్ళ ప్రూఫ్ రీడరు. మందుల పెట్టెల్లో ఎనిమిది మడతలు పెట్టి ఒక కాగితం దూరుస్తారే, ఎవరూ విప్పి చూడనిది, దాన్ని చదవడమే ఆయన ఉద్యోగం. "వికారం, తల తిరగడం, అరుదుగా మరణం" అన్నచోట కామాలు సరిగ్గా పడ్డాయో లేదో చూసి సంతకం పెడతాడు. మరణం సంగతి తయారీవాళ్ళు చూసుకుంటారు. కామా సంగతి ఈయన చూసుకుంటాడు.

మొదట్లో ఆయన తన సొంత బుర్ర ఉపయోగించి మూడు కథలు రాశాడు. మూడింటికీ కలిపి రెండు లైకులు. ఒకటి తను వేసుకున్నది. రెండోది ఎవరో పొరపాటున నొక్కి, మర్నాడు గుర్తుకొచ్చి వెనక్కి తీసుకున్నారు.

అప్పుడు దొరికింది అత్తయ్య.

ఆవిడ ముప్పై నాలుగేళ్ళు ఆస్పత్రి వార్డులో నర్సుగా చేసి రిటైరై, రెండేళ్ళుగా కూతురి దగ్గరే ఉంటోంది. సాయంత్రాలు ఆరిన బట్టలు మడతపెడుతూ వార్డు కబుర్లు చెప్పేది. కూతురికి అలాంటివి పడవు. కళ్ళజోళ్ళ దుకాణంలో పగలంతా నిలబడి వచ్చి, "అమ్మా, ఆపవే తల్లీ, నీకు పుణ్యముంటుంది" అంటూ టీవీ గొంతు పెంచేది. అల్లుడు మాత్రం దుప్పటి రెండో కొస పట్టుకుని శ్రద్ధగా వినేవాడు. ఇలాంటి అల్లుడు ఎక్కడ దొరికాడమ్మా అని పక్కింటావిడ తెగ ముచ్చటపడేది.

ఆయన శ్రద్ధకు ఒక హద్దుండేది. కథ సగానికొచ్చి అసలు పట్టు చిక్కగానే, "ఒక్క నిమిషం అత్తయ్యా, ఆఫీసు పని గుర్తొచ్చింది" అని దుప్పటి కొస వదిలేసి గదిలోకి పరిగెత్తేవాడు. మర్చిపోకముందే టైపు చేసుకోవాలి కదా. మిగతా సగం తనే అల్లేవాడు. అల్లడమంటే పెద్ద శ్రమేం కాదు. ఆఖర్న ఒక ఆడదయ్యం, దానికి పొడుగాటి గోళ్ళు, ఒక శవం. కథ అయిపోయిందన్నమాట. బయట అత్తయ్య ఆ దుప్పటిని గడ్డం కింద నొక్కి పట్టుకుని ఒక్కతే మడతపెట్టుకునేది.

అలా ఏడాదిలో పందొమ్మిది కథలు. అందులో 'పదకొండో మంచం' అన్నది కపాలానికి కిరీటం. ఇంట్లో ఎవరికీ ఈ కీర్తి సంగతి తెలియదు. చెబితే మొదటి ప్రశ్న ఏమొస్తుందో ఆయనకు బాగా తెలుసు.

కూతురు కొత్త ఫోను కొనుక్కుని పాతది తల్లికిచ్చింది. "అమ్మా, మా షాపులో అందరూ 'వణుకు' అని ఏదో చదువుతున్నారు. నేనైతే ఆ జోలికి పోను గానీ, నీ కథలకు అక్కడ గిరాకీ ఉంటుంది" అని తనే అందులో చేర్చింది. పేరు 'సిస్టరమ్మ' అని, ఫోటో రిటైరైన రోజు యూనిఫాంలో తీయించుకున్నది. తక్కినవాళ్ళంతా పుర్రెలూ గబ్బిలాలూ పెట్టుకున్నచోట ఈవిడ ఒక్కతే సొంత మొహంతో నిలబడింది.

ఒంటి వేలితో అక్షరం అక్షరం నొక్కుకుంటూ రెండు రోజులు కష్టపడి ఆవిడ ఆరు వాక్యాలు రాసింది. పదకొండో మంచం మీద ఒక పేషెంటు, రోజంతా మంచం పక్క గంట మోగిస్తూనే ఉండేది అంటూ మొదలుపెట్టి, వేలు నొప్పెట్టి, "మిగతాది రేపు" అని ఆపింది.

రేపటిదాకా ఎవరాగుతారు? వణుకులో దొంగల్ని పట్టేవాళ్ళకు కొదవలేదు. సొంతంగా ఒక్క వాక్యం రాయలేనివాళ్ళంతా ఆ శాఖలోనే ఉన్నారు. పావుగంటలో రెండు కథల్నీ పక్కపక్కన పెట్టి, ఎర్ర గీతలు గీసి, "మంచం నంబరు అదే! గంట అదే! ఎంత ధైర్యం!" అని ఊగిపోయారు. సంఘానికి పెద్ద 'గుడ్లగూబ', బయట చెప్పుల దుకాణం నడుపుతాడు, ఆవిడ ఫోటో మీద ఎర్రగా 'దొంగ' అని ముద్ర కొట్టి కపాలానికి సందేశం పంపాడు: "గురువుగారూ, దొంగ దొరికింది. ఆనవాయితీ ప్రకారం ఆదివారం పన్నెండున్నరకు మీరే తీర్పు చెప్పాలి. క్షమిస్తారో, గెంటేస్తారో మీ ఇష్టం."

ప్రెస్సులో, దగ్గు మందు కాగితం ముందు కూర్చుని, కపాలం ఆ ఫోటో చూశాడు. వికారం, తల తిరగడం రెండూ వరసగా వచ్చాయి. కామా మాత్రం ఎక్కడా పడలేదు.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య సోఫా అంచున కూర్చుని ఉంది. ఆరిన బట్టలు కుప్పగా పడున్నాయి.

"అల్లుడుగారూ, మీకు ఈ ఫోను విషయాలు తెలుసు కదా. నేనేం తీశానని వీళ్ళు నన్ను దొంగ అంటున్నారు?"

"ఆన్‌లైన్‌లో ఇవన్నీ మామూలే అత్తయ్యా, పట్టించుకోకండి."

"ముప్పై నాలుగేళ్ళు చేశాను బాబూ. ఒక్క దూది ఉండ ఇంటికి తెచ్చుకోలేదు. అడగండి, ఎవర్నైనా అడగండి."

ఆయన ఎవర్నీ అడగలేదు. కూతురు మాత్రం వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చింది. "మా షాపులో అందరూ చూశారండీ! మీ అమ్మగారేనా అని అడుగుతున్నారు. ఆ కపాలంగాడెవడో నా కంటబడనీ, చెబుతాను వాడి సంగతి!"

కపాలంగాడు ఆమెకు మూడడుగుల దూరంలో నిలబడి, అవునవును అన్నట్టు తలూపాడు.

ఆదివారం దాకా ఆయన తన మంచితనంతోనే సతమతమయ్యాడు. చివరికి చక్కటి ఉపాయం తట్టింది. క్షమించేస్తే సరి! ఎవరికీ నష్టం లేదు, తన పెద్దమనసూ లోకానికి తెలుస్తుంది. ఆదివారం ఉదయం అత్తయ్యకు ధైర్యం చెబుదామని, "ఆ కపాలం మిమ్మల్ని క్షమిస్తాడట, నేను కనుక్కున్నాను" అన్నాడు.

ఆవిడ చేతిలోని ఫోను వంక చూసింది. తర్వాత, "క్షమించాడంటే నేను తీసినట్టేగా బాబూ" అంది. ఫోను బల్లమీద బోర్లా పెట్టింది. "నాకెందుకు ఇదంతా? ఇంట్లో ఎప్పుడు మొదలుపెట్టినా సగంలో ఎవరో ఒకరు లేచిపోతారు. అక్కడైతే పద్నాలుగు వేలమంది ఉన్నారంటే, ఒక్కరైనా ఆఖరిదాకా వింటారనుకున్నాను."

ఆయనకు సిగ్గేసింది.  "అత్తయ్యా, కపాలం నేనే" అన్నాడు.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. టీవీ కూడా ఎవరో కట్టేశారు. ఎవరో ఏముంది, భార్యే. ఆమె గుమ్మంలో నిలబడి ఆయన్ను చూసిన చూపు పక్కన పెడితే, వణుకు కథలన్నీ జోలపాటలే.

అత్తయ్య మాత్రం అరవలేదు. "అడిగితే ఇచ్చేదాన్నిగా" అంది. "అది సరే, ఆఖర్న ఏం రాశారు?" అని అడిగింది.

ఆయన ఫోను తీసి చదివాడు. పేషెంటు చచ్చి దయ్యమైంది, ఖాళీ మంచం మీంచి గంట మోగించింది, వచ్చిన నర్సును పొడుగాటి గోళ్ళతో గొంతు చీల్చి చంపింది. మూడు వేల లైకులు తెచ్చిన ఆ వాక్యాలు, ఆవిడ ఎదురుగా చదువుతుంటే ఆయనకే అచ్చుతప్పుల్లా వినిపించాయి.

"నర్సును చంపేసిందా?" అంది ఆవిడ.

"ఆఁ."

"పోనీలే. అది నయం."

పన్నెండున్నరకు ఆయన తీర్పు పెట్టాడు. కథలన్నీ మా అత్తయ్యవి, దొంగను నేను, ముద్ర నాకు వేయండి అని. సంఘం చదివింది. సంఘం కన్నీరు మున్నీరైంది. "దొంగను కాపాడటానికి నింద తన నెత్తిన వేసుకున్న మహానుభావుడు!" "గురువుగారి మనసు వెన్న!" "సిస్టరమ్మా, చూసి నేర్చుకో!" పది నిమిషాల్లో ఐదు వేల లైకులు. నిజం రాసినందుకు జన్మలో మొదటిసారి వచ్చిన లైకులు, అవి కూడా ఎవరూ నమ్మకపోవడం వల్ల వచ్చాయి. ముద్ర మాత్రం ఆవిడ మొహం మీదే ఉంది.

ఇక మిగిలింది ఒకటే దారి. ఆయన ఫోనును నీళ్ళ సీసాకు ఆనించి, లైవ్ నొక్కి, అత్తయ్య పక్కన కూర్చున్నాడు. పుర్రె వెనకాల ఇంత బట్టతల ఉందని పద్నాలుగు వేలమందికీ తెలిసిపోయింది. ప్రెస్సు పేరు, ఉద్యోగం, అత్తయ్యతో బంధుత్వం, దుప్పటి కొస వదిలేసి పరిగెత్తడం, అన్నీ దాచకుండా చెప్పాడు. ప్రెస్సులో మెషీన్ నడిపేవాడు "సార్, మీరా!" అని రాశాడు. ఆ తర్వాత తిట్లు మొదలయ్యాయి. వెన్న అన్నవాళ్ళే వరసగా తిట్టారు. గుడ్లగూబ హడావిడిగా సిస్టరమ్మ ఫోటో మీది ముద్ర తీసి కపాలానికి కొట్టాడు. ఆయన దాన్ని చూసి, ఫోను ఆపబోయాడు.

"ఉండండి. రేపు అన్నానుగా, మిగతాది చెప్పాలి" అంది అత్తయ్య. ఫోను వైపు చూడలేదు. అల్లుడి వైపు తిరిగి కూర్చుంది.

"ఆవిడ బడిలో లెక్కలు చెప్పేది. ఎవరూ చూడ్డానికి వచ్చేవాళ్ళు కాదు. అందుకని గంట కొట్టేది. నీళ్ళని ఒకసారి, దిండు జరపమని ఒకసారి, టైమెంతని ఒకసారి. ఆ రోజు పొద్దుట్నించి పన్నెండుసార్లు వెళ్ళాను. పన్నెండుసార్లూ ఏమీ లేదు. మధ్యాహ్నం కాస్త కూర్చుని టీ గ్లాసు పట్టుకున్నాను, మళ్ళీ మోగింది. మోగనీలే, వెళ్తాంలే అనుకున్నాను. కాసేపటికి ఆగిపోయింది. హమ్మయ్య అనుకున్నాను." ఆవిడ ఒళ్ళో చేతులు సర్దుకుంది. "ఆ తర్వాత పద్నాలుగేళ్ళు అదే వార్డులో చేశాను. ఆ మంచం ఖాళీగా ఉన్నప్పుడల్లా దానివైపే చూసేదాన్ని. దయ్యమై వచ్చి ఒక్కసారి మోగించినా బాగుండును, పరిగెత్తుకుంటూ వెళ్ళేదాన్ని. కాళ్ళు పట్టుకునేదాన్ని. రాలేదు నాయనా. ఒక్కసారీ మోగలేదు."

తిట్లు ఆగిపోయాయి. గుమ్మంలో కూతురు అలాగే నిలబడిపోయింది. ఈవిడ తన తల్లేనా అన్నట్టు చూస్తోంది.

"ఆ రోజు గంట ఆగిపోయాక ఏమైంది అత్తయ్యా?" అన్నాడు అల్లుడు.

"ఏముంది నాయనా," అంది ఆవిడ, "టీ మొత్తం తాగాకే లేచాను."