పోట్లాడితే సాగే బాట

ఆదివారం కారు ఆవిడ నడిపింది. ఎలా నడపాలో ఆయన చెప్పాడు. ఆయన డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. వారమంతా ఊరివాళ్ళకి చెప్పింది సెలవురోజు భార్యకి చెబుతాడు. ఆవిడ దర్జీ. పెదవుల మధ్య గుండుసూదులు పెట్టుకుని పనిచేసే అలవాటు వల్లనేమో, చిన్నవాటికి జవాబిస్తుంది గాని పెద్దవి పైకి రానివ్వదు.

వేరే ఊళ్ళో వాళ్ళక్క కుట్టుకొట్టు పెడుతోంది. చెల్లెలు వచ్చి కత్తెర పట్టుకుంటే సరే, లేకపోతే ఇంకొకరిని చూసుకుంటుంది. ఏ సంగతో ఇవాళ సాయంత్రంలోగా చెప్పమంది. మాస్టారికి ఇదేదీ తెలీదు. ఇప్పుడు వెళ్తున్న పార్కులో సరస్సు ఒడ్డున కూర్చున్నాక చెబుదామని ఆవిడ ఉద్దేశం.

"ఐదింటికి పడవలు కట్టేస్తారు," అంది గేటు దగ్గర టికెట్లు చింపే ఆవిడ. "దారిలో పోట్లాడుకోకండమ్మా. సరస్సుకెళ్ళే బాట పొడుగు సాగుతుంది."

పక్కనే బోర్డు ఉంది. పూర్వం క్వారీ రాయిని సరస్సుకి చేర్చడానికి ఈ బాట వేసింది ఒక బావా, బావమరిదీ. చెరో కొసనుంచీ మొదలుపెట్టి, సగంలో మాటామాటా అనుకుని పలకరింపులు మానేశారు. బాట పూర్తయింది గాని, పొడవు మాత్రం కుదురుకోలేదు.

"మధ్యలో మేస్త్రీని పెట్టుకోవాల్సింది," అన్నాడు మాస్టారు, తనని ఎవరో అడిగినట్టు.

ఇద్దరూ బాట పట్టారు. చెట్ల సందుల్లోంచి నీళ్ళు మెరుస్తూనే ఉన్నాయి.

"నీళ్ళ సీసా ఒక్కటేనా తెచ్చావ్?"

"రెండోది మీరు టేబుల్ మీద పెట్టారు."

"పెట్టింది నువ్వు తీసుకోడానికేగా!"

మెరుపు కాస్త వెనక్కి జరిగింది. టోపీ గురించి ఒక మలుపు, కారు ఎండలో ఎవరు పెట్టారన్నదానికి ఇంకో మలుపు పెరిగాయి. ఆ మలుపులో ఒక జంట చాప పరుచుకుని బిస్కెట్లు తింటోంది.

"నిన్న బయల్దేరాం," అన్నాడు భర్త. "ఈవిడ మా అమ్మని నానా మాటలూ అంది."

"ఒక్కటే అన్నాను," అంది భార్య. చాప కింద బాట ఓ మూర జరిగింది. ఆవిడ బిస్కెట్ల పొట్లం దగ్గరికి లాక్కుంది.

"సరే తల్లీ, నేను నోరు మూసుకుంటా," అన్నాడు మాస్టారు. అన్నట్టే మూసుకున్నాడు. పెళ్ళయ్యాక అంతసేపు ఆయన మాట్లాడకుండా ఉండడం అదే మొదలు. అయినా బాట తరగలేదు సరికదా, కొత్తగా ఒక ఎత్తైన చడావు కూడా వచ్చింది. సైకిల్ మీద ఎదురొచ్చిన పార్కు గార్డుని ఆపి, తన నోటికేసీ బాటకేసీ చూపించి చేతులు తిప్పాడు.

"అయితే సార్, మీరు కాదు," అన్నాడు గార్డు. "అమ్మగారు ఏదో మాట మింగుతున్నారు. మింగిందీ లెక్కే." అని బెల్లు కొట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆవిడ నడుమ్మీద చేతులు పెట్టుకుని నిలబడింది. ఒడ్డున కూర్చుని మెల్లగా చెప్పాల్సింది చడావులో ఆయాసపడుతూ చెప్పింది. "అక్క కొట్టు పెడుతోంది. నేను వెళ్తున్నాను. మిమ్మల్నడిగితే ఎలా వెళ్ళాలో చెబుతారు గాని వెళ్ళమనరు. అందుకే అడగలేదు."

చెప్పడం పూర్తయ్యేసరికి సరస్సు ఆవిడ కాళ్ళ ముందుంది. పడవలవాడు ఆఖరి పడవ కట్టేస్తున్నాడు.

మాస్టారు మాత్రం రెండడుగుల వెనకే ఉన్నాడు. ఎంత నడిచినా ఆ రెండడుగులు అలాగే ఉన్నాయి.

"వెళ్ళు. నాకేం అభ్యంతరం?" అన్నాడు. రెండడుగులు పదయ్యాయి.

"సంతోషంగానే చెబుతున్నానే బాబూ!" ఆయనకీ ఆవిడకీ మధ్య ఒక మలుపు, రెండు తుమ్మచెట్లు వచ్చాయి.

"కానివ్వండి, మీరూ మింగండి," అంది ఆవిడ చెట్ల అవతల్నుంచి. "మీ పక్కనా చాప పరిచేవాళ్ళు వస్తారులెండి."

మాస్టారు చెమట తుడుచుకున్నాడు. చుట్టూ ఎవరూ లేరని చూసుకున్నాడు.

"అక్కడ కొట్టు బాగా నడుస్తుందేమోనని నా భయం," అన్నాడు. "నడిస్తే నువ్వింక రావు."

తర్వాతి అడుగు నీళ్ళలో పడింది. బూటు తడిసింది.

"ఈ ముక్క పొద్దున్నే చెప్పి ఉంటే పడవెక్కేవాళ్ళం కదా," అంది ఆవిడ విసుగ్గా, ఫోన్ తీస్తూ.

అక్క ఎత్తింది. వస్తున్నానని ఆవిడ చెప్పింది. మాస్టారు పక్కన చతికిలబడి, తడిసిన బూటు విప్పి నీళ్ళు ఒంపుతూ, ఆ ఊళ్ళో ఇద్దరికి సరిపడా ఇల్లు అద్దెకి దొరుకుతుందేమో అడగమన్నాడు.