అలవాటులో పొరపాటు

పదకొండేళ్ళుగా సెలవు రోజుల్లో ఇంటింటికీ తిరిగి తలుపులు తట్టి వాక్యం చెబుతున్నాను. మొదట్లో ఎవరైనా మొహాన తలుపేస్తే ఇంటికొచ్చాక అన్నం సయించేది కాదు. "కాదన్నది దేవుణ్ణి, నిన్ను కాదు. నువ్వెందుకమ్మా బాధపడటం?" అని మా సంఘపెద్ద దైవాధీనం గారు నేర్పారు. బాగానే నేర్చుకున్నాను. ఒకాయన కుక్కను ఉసిగొల్పినా చిరునవ్వు చెదరలేదు. తర్వాత మా ఆయన అరిచినా, పక్కింటి పిల్ల జ్వరంతో పోయినా అదే చిరునవ్వు. దున్నపోతు మీద వాన కురిసినట్టు అంటారే, అదీ నా సంగతి.

మా అమ్మ వెంకటరత్నమ్మకు పక్షవాతం వచ్చి ఇరవై రోజులైంది. బందరులో నా దగ్గరే మంచాన ఉంది. మాట ముద్దముద్దగా వస్తోంది. అందులో నాకు తెలిసేది ఒక్కటే, హర్షిణి పేరు. హర్షిణి నా చెల్లెలు. మూడేళ్ళ కిందట బయటివాణ్ణి పెళ్ళి చేసుకుని సంఘం మానేసింది. మానేసినవాళ్ళతో, కన్నకూతురైనా సరే, మాట్లాడకూడదని మా నియమం. పెద్దల ఎదుటే దాని నంబరు నా ఫోన్లోంచి తీసేశాను.

అది గుడివాడలో ఉంటోందని, ఏ వీధో కూడా, ఈమధ్యే తెలిసింది. నెలకోసారి మేం గుడివాడ ప్రచారానికి వెళ్తాం. ఈసారి ఆ వీధి నేనే అడిగి తీసుకున్నాను. జతగా లక్ష్మీకాంతమ్మ గారిని కోరుకున్నాను. ఆవిడ మోపిదేవి నుంచి కొత్తగా వచ్చారు, మా చెల్లెల్ని ఎరగరు. "అమ్మకు బాగాలేదు, ఒకసారి రా" అని ఒక్క ముక్క చెప్పాలి. ఆవిడ వింటే విననీ, పంచాయితీ తర్వాత చూసుకోవచ్చు. దారి పొడుగునా రైల్లో ఆ ముక్కే అనుకుంటూ వచ్చాను.

నాలుగో ఇల్లు. హర్షిణే తలుపు తీసింది. చేతులకు చపాతీ పిండి. కాస్త ఒళ్ళు చేసింది. నన్ను చూసి ఏదో అనబోయి, నా వెనక లక్ష్మీకాంతమ్మ గారిని చూసి ఆగింది.

నేను నోరు తెరిచాను.

"నమస్కారమండీ. ఈ లోకంలో ఇన్ని బాధలు ఎందుకున్నాయో మీరెప్పుడైనా ఆలోచించారా?"

అలవాటులో పొరపాటు. ఆపుదామనుకున్నాను, ఆగలేదు. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అక్కడ తీసుకుంటూ రెండు నిమిషాల ప్రసంగమూ అప్పజెప్పాను. చంకనెత్తుకు తిప్పిన పిల్లను పట్టుకుని మీరు, అండీ అంటూ. అది అడ్డు రాలేదు. వేళ్ళకంటిన పిండి నలుపుకుంటూ మొత్తం వింది.

"అమ్మెలా ఉంది?" అంది చివరికి.

ఇంటివాళ్ళు ప్రశ్న వేస్తే గుమ్మంలోనే జవాబివ్వకూడదు. ఆ వంకతో మళ్ళీ వెళ్ళాలి. మాకు అలాగే తర్ఫీదు.

"మంచి ప్రశ్న అడిగారండీ. మీకెప్పుడు వీలవుతుందో చెబితే మళ్ళీ వస్తాం."

వేళాకోళమనుకుందేమో, నవ్వబోయింది. నా మొహంలోకి చూశాక దాని నవ్వు పోయింది. నాది మాత్రం చెక్కుచెదరలేదు.

"వీలవదండీ," అంది. చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.

మళ్ళీ తట్టాలని తెలుసు. చెయ్యి లేవలేదు. ఏడుపు వస్తుందేమోనని కాసేపు నిలబడ్డాను. రాలేదు. రానందుకు భయం వేసింది, ఆ భయమూ ఎంతోసేపు ఉండలేదు.

పక్కింటి గేటు దగ్గర లక్ష్మీకాంతమ్మ గారు, ఏ ఇంట్లో ఏమన్నారో రాసుకునే వీధి చీటీ తీశారు.

"చక్కగా మాట్లాడావమ్మా. ఆ అమ్మాయికి మీ అమ్మగారు తెలుసా?"

"తెలుసండీ."

"మరి ఆ ఇంటి నంబరుకు ఎదురుగా ఏం రాయమంటావు?"

"ఆసక్తి లేదని రాయండి," అన్నాను.