పక్క వరస అంకెలు

నాకు నోటి దురద ఎక్కువని మా ఆవిడ అంటుంది. నిజమే. నరసాపురంలో ఇరవై ఏళ్ళుగా నెట్ సెంటర్ నడుపుతున్న జగన్నాథరావుకి తెలియనిది ఏముంటుందిలే అనుకునేవాణ్ణి, ఆ మంగళవారం సుబ్బాయమ్మగారు వచ్చేదాకా.

ఆవిడ లేసులు అల్లుతుంది. చెల్లెలు వీరవేణి గల్ఫ్‌లో ఒక ఇంట్లో పనికి వెళ్ళి నాలుగేళ్ళయింది. వీసా గడువు దాటిపోయింది. అలాంటివాళ్ళు ఇంటికి వెళ్ళిపోవచ్చని అక్కడి సర్కారు అవకాశమిస్తే దరఖాస్తు పెట్టుకుంది. ఆ సాయంత్రంతో అవకాశం ఆఖరు. దరఖాస్తు చేరిందో లేదో చూడమని, ఆ ఇంటి డ్రైవరు ఫోన్ నుంచి నంబరు కొట్టించి పంపింది. చేరకపోతే వెంటనే మళ్ళీ పెట్టాలి, లేదంటే జైలే.

నంబరు అరబ్బీ అంకెల్లో ఉంది. నాకు అవి చదవడం రాదు. కాపీ చేసి వాళ్ళ వెబ్‌సైటులో పేస్ట్ చేశాను. అలాంటి నంబరే లేదంది. మూడుసార్లూ అంతే. ఇది దొంగ నంబరమ్మా, ఆ డ్రైవరు మోసం చేశాడు అనేశాను. ఆవిడ కదల్లేదు. ఇలా నింపాలని ఆ పేజీలోనే ఒక నమూనా నంబరు ఉంటే, దాన్నీ చెల్లెలి నంబరునీ మార్చి మార్చి చూసింది.

“గీతలన్నీ ఒకేలాగున్నాయి కదండీ. మరి మాది ఒద్దంటుందేంటండీ?”

నాకు విసుగొచ్చింది. పెళ్ళికార్డుల రోజుల్లో పాత ఫాంట్లతో కుస్తీ పట్టినవాణ్ణి కనుక, ఏ అక్షరం లోపల ఏ కోడ్ ఉందో చూపించే పేజీ నా దగ్గరుంది. కంప్యూటరు మనలా గీతలు చూడదు, కోడ్ చూస్తుంది. ఆవిడ నోరు మూయించడానికే రెండు నంబర్లూ అందులో వేశాను. ఒక్కో అంకె పక్కన దాని కోడ్‌తో రెండు వరసలు వచ్చాయి, పైన నమూనాది, కింద చెల్లెలిది. నాకేమీ తట్టలేదు. ఆవిడ మాత్రం కుట్లు లెక్కపెడుతున్నట్టు తెరమీద వేలు జరుపుకుంటూ పోయింది.

“పై వరసంతా సున్నా, ఆరు, ఆరు. కింద వరసలో మూడోది ఆరు కాదండి, ఏదో ఇంగ్లీషు అక్షరం. మాది పక్క వరసలో కుట్టేశారండి.”

అప్పుడు వెలిగింది నాకు. 066 అరబ్బీ వరస. 06F ఉర్దూవాళ్ళు వాడే వరస. చాలా అంకెలకి రెండిట్లోనూ గీత ఒకటే, కోడే వేరు. డ్రైవరు తన ఉర్దూ కీబోర్డుతో కొట్టాడు, అంతే. పాపం, అతను మోసగాడు కాడు. పైగా కోడ్ చివర ఉన్నదే అంకె! 06F7 అంటే ఏడు, 0667 అన్నా ఏడే, మనం రోజూ కొట్టే ఏడు 0037. ఎవరు పేర్చారో గానీ మహానుభావులు, ఏ అంకెని ఆ నంబరు సీట్లోనే కూర్చోబెట్టారు. మన తెలుగు ఏడుని మాత్రం 0C6Dలో కూర్చోబెట్టారు, అది వేరే బాధ.

F ఉన్నచోటల్లా 6 పెట్టి, మళ్ళీ అంకెలుగా మార్చి పేస్ట్ చేశాను. పేజీ తెరుచుకుంది. వీరవేణి ఫోటో వచ్చింది. సుబ్బాయమ్మగారు నా కుర్చీ వెనక గట్టిగా పట్టుకుంది.

తెలుగులోకి మార్చమని నొక్కితే మాటలు మారాయి గానీ అంకెలు మారలేదు. దరఖాస్తు మంజూరైందని, ప్రయాణం మార్చిలో అని ఉంది. తేదీ మాత్రం ١٧ అని అరబ్బీలోనే ఉండిపోయింది. దాని కోడ్ చూద్దామని నేను మళ్ళీ ఆ కోడ్ల పేజీ వెతుకుతున్నాను.

“అక్కర్లేదండి,” అంది ఆవిడ. నిలువు కర్ర ఒకటి, విచ్చుకున్న కత్తెరలాంటిది ఏడు. ఇందాక వరసల్లో ఏ గీత పక్కన కోడ్ చివర ఏ అంకె ఉందో చూసి పట్టేసిందట. “పదిహేడండి. పదిహేడో తారీఖున మా చెల్లి బయల్దేరిపోతందండి.”

అప్పుడు ఏడ్చింది. ఇంత కన్ను నాకుంటేనా అనిపించింది, సిగ్గూ వేసింది. డ్రైవరుకి థాంక్స్ పెట్టమంటే ఆవిడ ఫోన్లోంచి పెట్టాను. కింద నా తరఫున క్షమించమని కూడా పెట్టాను. ఎందుకో అతనికి తెలిసి ఉండదు.