కౌగిలింత బఠాణీ

మా ఆడపడుచు సహోకో పెళ్లి కుదిరిందని ఫోన్ వచ్చినప్పుడు వంటింట్లో పాటలు పాడుకుంటున్నాను. క్యోటోకి కాపురానికొచ్చి ఎన్నాళ్లయిందని, అప్పుడే పెళ్లిపెద్దల్లో చేరిపోయాను! వదినగారిని కదా, నల్ల కిమోనో కట్టుకోవాలి. దాని మీద ఇంటి గుర్తుల కోసం తెల్లగా వదిలేసే ఐదు గుండ్రాల్లో మామయ్యే తన చేత్తో మావారి వంశపు ఓక్ ఆకులు వేస్తారనుకున్నాను.

అత్తయ్య ఆపింది. "అది మగవాళ్లదమ్మా. ఇక్కడ ఆడవాళ్లు అమ్మ గుర్తే పెట్టుకుంటాం. మీ అమ్మదేమిటి?"

టోక్యోలో అమ్మ పెట్టుకునేది నాన్న గుర్తే. అమ్మమ్మది ఎవరికీ గుర్తులేదట. అత్తయ్య జాలిపడి తన విస్టీరియా పూలు ఇస్తానంది. అవి సహోకోకి చెందాలి, వద్దన్నాను. రేపు నాకు పుట్టే కూతురికి ఇవ్వడానికి నాదంటూ ఒకటి ఉండాలి. లేకపోతే గీసుకుంటాను, అంతే కదా. గుండ్రటి గీతలో గింజలు కనిపించేలా విచ్చిన రెండు బఠాణీ కాయలు గీశాను. పెళ్లయ్యాక మావారు తోమోనరి నాకు మొదటిసారి వండిపెట్టింది బఠాణీ అన్నం మరి.

జీవితమంతా ఈ గుర్తులే గీసిన మామయ్య నా కాగితం వైపు చూడలేదు.

"నోటితో చెప్పు. చూడనివాడు విని గీయగలిగితే అది గుర్తు. లేకపోతే బొమ్మ."

కనజావాలో ఇదే పని చేసే స్నేహితుడు షిబగాకి గారికి ఫోన్ కలిపి నా చేతికిచ్చారు. ఆయన గీయలేకపోతే విస్టీరియాతో సరిపెట్టుకోవాలన్నారు.

"వలయంలో కౌగిలింత బఠాణీ కాయలు," అన్నాను ధీమాగా. కాడలు కింద కలిసి, కాయలు చెరో పక్కనుంచి పైకి వంగితే ఈ పనివాళ్లు కౌగిలింత అనే అంటారు. అయినా సహోకో ఊరుకుంటుందా? కొత్త వదినకి ఇంకేం తోస్తుందిలే అని అన్నయ్యను మోచేత్తో పొడిచింది. తోమోనరి చెవులు ఎర్రబడ్డాయి.

కాసేపటికి ఆయన గీసిన బొమ్మ ఫోన్‌లో వచ్చింది. వంపు అచ్చం నాదే. కాయలు మాత్రం మూసుకుని ఉన్నాయి. మామయ్య కనుబొమ్మ లేచింది. ఆయన నోరు విప్పేలోపే మళ్లీ ఫోన్ అందుకున్నాను.

"షిబగాకి గారూ, తప్పు నాదే. వలయంలో కౌగిలింత, విచ్చిన కాయలు, మూడేసి గింజలు."

ఈసారి వచ్చినదాన్ని మామయ్య నా కాగితం పక్కన పెట్టి, ఒక్కో గింజా పోల్చి చూశారు. తేడా లేదు.

"పేరు మరీ పొడుగైంది. నా మనవరాలు తిట్టుకుంటుంది," అన్నారు. తర్వాత లేస్తూ, "రేపు టిఫినయ్యాక పనిగదికి రా, అమ్మాయ్. వెదురు కంపాస్ పట్టుకోవడం నేర్పుతాను. మొదటి వలయం నువ్వే తిప్పాలి."