మోప్కాలో ఒక మూల

పట్టాను పట్టి ఉంచే క్లిప్పు ఒకటి వదులైంది. అప్పలకొండ వంగి, సుత్తితో కొట్టి బిగించి, అరచేత్తో తడిమి చూసి ముందుకు కదిలాడు. ఏళ్ల తరబడి పానా, సుత్తి మోసి మోసి అతని ఎడమ భుజం కిందికి దిగిపోయింది. మొహం కంకర దుమ్ముకి బూడిదరంగు తిరిగింది. బిలాస్‌పూర్ నుంచి బిల్హా వైపు పోయే లైనులో తన బీటంతా నడిచి చూసుకోవడమే అతని డ్యూటీ. బండి వస్తే పక్కకు తప్పుకుంటాడు. కిటికీల్లోంచి చూసేవాళ్లకు అతనొక నారింజరంగు చొక్కా, అంతే.

ఎవరినీ ఏదీ అడిగిన మనిషి కాదు. కప్పు కారే క్వార్టరు ఇస్తే అందులోనే కాపురం చేశాడు. సెలవు లేదంటే సరేనన్నాడు. తోటివాళ్లు గ్యాంగుల మీద పెద్దలై మేట్లయ్యారు, అతను పట్టాలు చూసుకునే కీమేన్‌గానే ఉండిపోయాడు. నోరులేని మనిషని భార్య కనకం కాపురమంతా దెప్పింది. ఇప్పుడు ఆమెకు దెప్పే ఓపికా లేదు. ఇంటికి తీసుకుపొమ్మని ఆసుపత్రిలో చెప్పాక మంచానికి అతుక్కుపోయింది.

ఆ ఉదయం అతను బయలుదేరుతుంటే ఆమె చెయ్యి పట్టుకుంది.

“పాప కాడి మట్టి గుప్పెడు తెచ్చి నా సేతిలో ఎట్టు. నానింకేటీ అడగను.”

పాప వాళ్ల తొలిచూలు బిడ్డ. పేరు పెట్టకముందే జ్వరంతో పోయింది. అప్పట్లో బిలాస్‌పూర్ శివారు మోప్కా బయటంతా బీడు. కాళ్ల వెండి కడియాలు తియ్యొద్దని కనకం పట్టుబడితే వాటితోనే పూడ్చారు. ఆ తరవాత తనూజ పుట్టి పెద్దదైంది. బీడు ప్లాట్లయింది. గుర్తుపెట్టుకున్న తుమ్మచెట్టునీ కొట్టేశారు. ఇప్పుడా చోటు శేషగిరిరావుదని ప్రహరీ మీద రాసి ఉంది.

డ్యూటీ దిగి, భూమిలో కేబుళ్లు వెతికే పనిచేసే ప్రవీణ్ దగ్గర లోహం జాడ పట్టే యంత్రం అడిగి తీసుకున్నాడు. అది అడగడానికే చెమటలు పట్టాయి.

శేషగిరిరావు ఆంధ్రా నుంచి వచ్చి బ్యాంకులో పనిచేసి రిటైరైనవాడు. స్థలంలో ఇంటికి సున్నపు గీతలు గీయించుకుని, రేకుల నీడలో కూర్చుని ఉన్నాడు. యంత్రం వైపు అనుమానంగా చూస్తూ ఏం పోయిందన్నాడు.

“ఎండి కడియం బాబూ. ఇది బీడుగా ఉన్నప్పటి మాట.”

ఆయన వద్దన్నాడు. యంత్రంతో ఎవరో తవ్వుతున్నారంటే గుప్తనిధులని పుకారు లేస్తుందని, ఎవరైనా వచ్చి పని ఆపిస్తే తన గతేమిటని అడిగాడు. ఇంకెప్పుడైనా అయితే అప్పలకొండ వెనుదిరిగేవాడే. ఇవాళ తల వంచుకుని ఎండలోనే నిలబడ్డాడు. ఆయన మేస్త్రీతో ఫోన్లో మాట్లాడాడు, నీళ్లు తాగాడు, మళ్లీ తలెత్తి చూశాడు. మనిషి అక్కడే ఉన్నాడు. చివరికి, తన కళ్లముందే వెతకాలని, తవ్విన చోటు పూడ్చాలని, కడియం తప్ప ఏది దొరికినా ముట్టకూడదని చెప్పి ఒప్పుకున్నాడు.

యంత్రం మేకుకి కూసింది, సీసా మూతకి కూసింది, విరిగిన కొడవలి ముక్కకి కూసింది. కూసిన ప్రతిసారీ అప్పలకొండ కూర్చుని, అక్కడున్న తాపీతో మట్టి తీసి చూశాడు. కాసేపటికి శేషగిరిరావుకీ సరదా పుట్టి, అటు చూడండి, ఇటు చూడండి అంటూ వెంట తిరిగాడు. వెనక మూలలో సన్నగా, ఆగకుండా మోగింది. అప్పలకొండ తాపీ పక్కన పెట్టి వేళ్లతో గీకాడు. నల్లబడిన చిన్న కడియం అంచు కనిపించింది. దాన్ని పైకి లాగలేదు. తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి దానిమీద కప్పాడు.

“దొరికిందా? అదృష్టవంతులే. రేపు సరిగ్గా ఇక్కడే సెప్టిక్ ట్యాంకు గొయ్యి తీస్తున్నారు” అన్నాడు శేషగిరిరావు నవ్వుతూ.

అప్పలకొండ మోకాళ్ల మీదే ఉండి తలెత్తాడు.

“ఇక్కడొద్దు బాబూ. మా పాపని ఈడే పెట్టినాం.”

శేషగిరిరావు నవ్వు ఆగిపోయింది. గదులు గదులుగా గీసిన సున్నపు గీతలన్నిటినీ ఒకసారి చూసుకున్నాడు.

“ముందే చెప్పి ఉంటే గేటు కూడా తీసేవాణ్ణి కాదు.”

“తెలుసు బాబూ. అందుకే సెప్పనేదు.”

ఆయన ఆ మూల ఉన్న ట్యాంకు గీతను చెప్పుకాలితో చెరిపేశాడు. తన భార్యకు మాత్రం ఈ సంగతి తెలియనివ్వొద్దన్నాడు.

అప్పలకొండ తువ్వాలు అంచు కింద చెయ్యి పెట్టి గుప్పెడు మట్టి తీసుకున్నాడు. అప్పుడే ఫోను మోగింది.

“నాన్నా, జల్దీ రా” అంది తనూజ. ఆ తరవాత ఏడుస్తూ హిందీలో చెప్పింది. అమ్మ నీళ్లు తాగి పడుకుందట, నిద్రపోతోందనే తను అనుకుందట, ఎంత పిలిచినా లేవలేదట.

అతను యంత్రాన్ని భుజానికి తగిలించుకుని, మట్టి ఉన్న గుప్పిట విప్పకుండానే ఒంటిచేత్తో సైకిలు తొక్కుకుంటూ వెళ్లిపోయాడు.

శేషగిరిరావు గేటు దాకా వెళ్లి, అతను మలుపు తిరిగేదాకా చూసి, వెనక్కి వచ్చాడు. మూలలో చెమట మరకల తువ్వాలు పరిచినట్టే ఉంది, గాలికి లేవకుండా అంచుల మీద అప్పలకొండ పెట్టిన మట్టిపెళ్లలతో.